వంట ప్రదర్శన విక్రయ సమావేశాలు: ఉత్తర తెలంగాణ సామూహిక వంట సంప్రదాయం చూపే దారి

వ్యాస సంగ్రహం

ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి, వండి చూపి, వంటపాత్రలనో ఆహార పదార్థాలనో అమ్మే పద్ధతి నగరాలకే పరిమితం కాలేదు. ఇటువంటి సమావేశాల్లో తరచుగా అమ్మేవారు మాట్లాడుతుంటే మిగిలినవారు వింటారు. చివరికి మొగమాటానికి ఏదో ఒకటి కొని లేస్తారు. వీటిని ఉల్లాసంగా, అందరూ పాల్గొనేలా మలచడానికి ఆటలు, బహుమతులు చాలవని, పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సామూహిక వంట సంప్రదాయంలోనే అందుకు తగిన నమూనా ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వంట ప్రదర్శన, గృహ విక్రయం, మొగమాటం, సకినాలు, సర్వపిండి, ఇప్పపువ్వు, మహిళా సంఘాలు.

1. ఉపోద్ఘాతం

ఇల్లు అమ్మకానికి వేదిక కావడం తెలుగు నేలకు కొత్త కాదు. గాజులవారు, చీరల మూటలవారు ఇంటి అరుగు మీదే సరుకు పరిచేవారు. ఇరుగుపొరుగు స్త్రీలు చుట్టూ చేరి రంగును, నాణ్యతను, ధరను చర్చించేవారు. అయితే ఇంటి ఇల్లాలే ఆహ్వానకర్తగా, ఆమె బంధుమిత్రులే కొనుగోలుదారులుగా సాగే ఆధునిక విక్రయ సమావేశం అమెరికాలో స్థిరపడింది. ఎర్ల్ టప్పర్ 1946లో ప్రవేశపెట్టిన టప్పర్‌వేర్ ప్లాస్టిక్ డబ్బాల మూత బిగించే తీరు దుకాణంలో చూసినవారికి సులభంగా అర్థం కాలేదు. ఇళ్లలో ఆ మూతను బిగించి చూపినప్పుడు మాత్రం అమ్మకాలు పెరిగాయి. బ్రౌనీ వైజ్ అనే మహిళ ఈ పద్ధతికి ఒక క్రమాన్ని ఏర్పరిచింది. 1951లో ఆ సంస్థ దుకాణాల అమ్మకాన్ని విడిచి గృహ సమావేశాలనే ఆశ్రయించింది. అదే సంస్థ 1996లో భారతదేశంలో అడుగుపెట్టింది.

ఈ చరిత్ర నుంచి గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. చేతితో చేసి చూస్తే తప్ప విలువ తెలియని వస్తువుకే ప్రదర్శన అవసరం. కాబట్టి ప్రదర్శనకు ప్రాణం అమ్మకందారు ప్రసంగంలో లేదు. చూసేవారి చేతికి కలిగే అనుభవంలో ఉన్నది. ఈ సూత్రాన్ని మరచిన సమావేశం ఉపన్యాసంగా మారుతుంది.

2. మొగమాటం: ఉల్లాసానికి అడ్డుగోడ

ఇటువంటి సమావేశంలో ముగ్గురు పాత్రధారులు ఉంటారు: ఇల్లు ఇచ్చిన ఇల్లాలు, వస్తువు అమ్మే మహిళ, పిలుపు అందుకొని వచ్చిన అతిథులు. పిలిచినది వదినె కావచ్చు, చిన్నమ్మ కావచ్చు, పక్కింటి అక్క కావచ్చు. ఆమె ఇంట బొట్టు పెట్టించుకొని, చాయ తాగి, పళ్లెంలో పెట్టినది తిన్న తరువాత ఏమీ కొనకుండా లేవడం కష్టం. అతిథి మర్యాదకు, వ్యాపారానికి మధ్య ఉండవలసిన గీత అక్కడ చెరిగిపోతుంది. తెలుగువారు మొగమాటం అని పిలిచే భావం పనిచేసేది ఇక్కడే.

కొనక తప్పదేమోనన్న శంక ఉన్నవారు ప్రశ్న అడగరు. అడిగితే ఆసక్తి ఉన్నట్లు అమ్మేవారు భావిస్తారని వారి భయం. రుచి బాగాలేదని చెప్పరు, ధర ఎక్కువని అనరు. అందువల్ల సమావేశంలో నెలకొనే నిశ్శబ్దం అనాసక్తి కాదు, ఆత్మరక్షణ. దానిని ఛేదించడానికి చీటీలు తీయించడం, చప్పట్లు కొట్టించడం వంటి ఆటలు చేర్చితే కొంత నవ్వు పుట్టవచ్చు. కానీ ఆటలో గెలిచి బహుమతి తీసుకున్న స్త్రీపై కొనవలసిన బాధ్యత మరింత పెరుగుతుంది. ఆమె మరుసటిసారి పిలుపునకు ఏదో ఒక పని చెప్పి తప్పించుకుంటుంది.

దీని నష్టం ఎక్కువగా భరించేది ఇల్లాలు, అమ్మే మహిళ. సంఘం నుంచి అప్పు తెచ్చి పచ్చళ్లో, పొడులో, పిండివంటలో తయారుచేసి అమ్మే మహిళకు వాడకట్టు సంబంధాలే పెట్టుబడి. మొగమాటంతో సాగిన ఒక్క అమ్మకం ఆ పెట్టుబడిని కరిగిస్తుంది. కనుక సమావేశాన్ని ఉల్లాసంగా నడపడం ఆమెకు అలంకారం కాదు, జీవనోపాధికి సంబంధించిన విషయం.

3. సకినాల తయారీ: ఒక దేశీయ నమూనా

సంక్రాంతికి ముందు ఉత్తర తెలంగాణ ఇళ్లలో సకినాలు చేసే తీరు ఈ సమస్యకు పరిష్కారం చూపుతుంది. కొత్త బియ్యాన్ని నానబెట్టి, నీరు వార్చి, తడిగా ఉండగానే పిండి పట్టించి జల్లిస్తారు. నువ్వులు, వాము, ఉప్పు చేర్చి కలుపుతారు. నేలపై పరిచిన బట్ట మీద వేళ్ల మధ్య నుంచి పిండిని మెలితిప్పుతూ వలయాలుగా చుట్టుతారు. కొంత ఆరిన తరువాత విరగకుండా తీసి నూనెలో గోలిస్తారు. బిడ్డ పెండ్లికి సారెగా పంపే సకినాలైతే పరిమాణం పెద్దది. ఒక్క ఇంటివారితో అయ్యే పని కాదు. అందువల్ల వాడకట్టు స్త్రీలు ఈ రోజు ఒకరింట, రేపు మరొకరింట చేరుతారు.

ఇందులో మూడు లక్షణాలు గమనించదగినవి. మొదటిది, ప్రతి చేతికీ పని ఉంటుంది. చుట్టడం రానివారు జల్లిస్తారు, పిండి అందిస్తారు. అనుభవం గల పెద్దావిడ నూనె మూకుడు దగ్గర కూర్చుంటుంది. కొత్త కోడలు చుట్టిన వంకర సకినం నవ్వులకు కారణమవుతుంది, ఆ నవ్వులోనే శిక్షణ జరుగుతుంది. రెండవది, పనితో పాటు మాట సాగుతుంది. చేతులు తీరిక లేకుండా ఉన్నప్పుడు మనిషి ఎదుటివారి చూపుల బరువు లేకుండా మాట్లాడగలదు. మూడవది, సాయానికి బదులు సాయమే. ఇక్కడ రుణం ఉన్నది, కానీ అది పనితో తీరుతుంది, డబ్బుతో కాదు.

వంట ప్రదర్శన విక్రయ సమావేశానికి మొదటి రెండు లక్షణాలను నేరుగా తీసుకోవచ్చు. మూడవదాన్ని మాత్రం జాగ్రత్తగా చూడాలి. విక్రయ సమావేశంలో అతిథి తిన్నదానికి బదులుగా డబ్బు చెల్లించవలసినట్లు భావిస్తుంది. ఆమె చేత పని చేయించినప్పుడు, తిన్నది తాను కూడా చేసినదే అవుతుంది. అప్పుడు రుణభారం తగ్గుతుంది, అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ పెరుగుతుంది.

4. ఆచరణ రూపం: సర్వపిండి ప్రదర్శన

కరీంనగర్ ప్రాంతంలో అంటుకోని పూత గల పెనాన్ని అమ్మదలచిన మహిళ సర్వపిండిని ఎంచుకోవడం మేలు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లిపాయ కలిపి ముద్ద చేసి, గుండ్రని సర్వ లోపలి గోడలకు పలుచగా అద్దుతారు. వేళ్లతో రంధ్రాలు చేసి, వాటిలో నూనె విడిచి, మూతపెట్టి సన్నని మంటపై కాలుస్తారు. కాలిన సర్వకు వెంటనే మరొక ముద్ద అద్దలేరు, చేయి కాలుతుంది. అది చల్లారే వరకు ఆగవలసిందే. ఇంటిల్లిపాదికి సర్వపిండి చేసిన ప్రతి స్త్రీకీ ఈ ఇబ్బంది తెలుసు.

ఈ ఇబ్బందినే సమావేశానికి కేంద్రంగా చేయవచ్చు. ఇద్దరు అతిథులు పాత సర్వలో, ఇద్దరు కొత్త పెనంపై ఒకేసారి మొదలుపెడతారు. పెనం కోసం ముద్దను తడిబట్ట మీదనో, ఆకు మీదనో అద్ది జార్చవచ్చు. మిగిలినవారు ఎంత నూనె పట్టింది, రెండవ వాయికి ఎంతసేపు ఆగవలసి వచ్చింది, అంచు ఎక్కడ కరకరలాడింది అని గమనిస్తారు. చివరికి రెండింటినీ రుచి చూసి తీర్పు చెబుతారు. వాయి త్వరగా రావడంలో పెనం గెలవవచ్చు. రుచిలో సర్వదే పైచేయి అని పెద్దలు తీర్మానించవచ్చు. ఆ తీర్పును అమ్మే మహిళ ఖండించరాదు. తన వస్తువు ఓడే అవకాశాన్ని అంగీకరించిన పోటీలోనే అసలైన ఉత్కంఠ ఉంటుంది. పైగా ఒక విషయంలో నిజాన్ని ఒప్పుకున్న ఆమె మాట మరొక విషయంలో నమ్మదగినదవుతుంది.

హాజరయ్యేవారు ఎనిమిది నుంచి పది మంది మించకపోతే అందరికీ పని దొరుకుతుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వంటి చోట్ల చాలామంది స్త్రీలు ఇళ్లలోనే బీడీలు చుట్టుతారు. వారి కూలి చుట్టిన బీడీల లెక్కను బట్టి వస్తుంది. ఒక పూట సమావేశం అంటే వారికి అంత కూలి తగ్గినట్లే. కనుక సమయాన్ని అమ్మేవారి వీలును బట్టి కాక, వాడకట్టు పనివేళలను బట్టి నిర్ణయించాలి.

5. ప్రదర్శన భాష

సంస్థలు తయారుచేసి ఇచ్చే ప్రసంగ పాఠాలు తరచుగా ప్రకటనల భాషలో ఉంటాయి. మేడమ్ అనే పిలుపుతో మొదలైన మాట ఆ గదిలో దూరాన్ని పెంచుతుంది. వయసును బట్టి అక్క, వదినె, చిన్నమ్మ అని, ఉర్దూ మాట్లాడే ఇంట ఆపా అని పిలిస్తే సంభాషణకు దారి ఏర్పడుతుంది. అయితే వరుస కలపడాన్ని కొనిపించే ఉపాయంగా వాడితే మొగమాటం తిరిగి ప్రవేశిస్తుంది. పిలుపు ప్రశ్నకు ముందు రావాలి కాని, ధరకు ముందు రాకూడదు.

కొలతల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. గ్రాములు, మిల్లీలీటర్ల పక్కన సోలెడు, గిద్దెడు, చారెడు, చిటికెడు అనే మాటలు ఉండాలి. “మీ చారెడు ఎంత?” అని అడిగి, ఒక్కొక్కరి చేతి కొలతను తూచి చూపితే అది నవ్వు పుట్టించే ఆటగానూ, ఉపయోగపడే పాఠంగానూ ఉంటుంది. వంటల పేర్లు కూడా సంభాషణను రేపుతాయి. సర్వపిండిని కొన్నిచోట్ల గిన్నె అప్ప అని, మరికొన్నిచోట్ల తపాలచెక్క అని అంటారు. కోస్తావారు గారె అంటే మినప్పిండి వంటకాన్ని తలుస్తారు. తెలంగాణ ఇళ్లలో బియ్యప్పిండితో కరకరలాడేలా చేసే అప్పాన్నీ గారె అంటారు. “మీ పుట్టింట దీన్ని ఏమంటారు?” అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేని స్త్రీ ఉండదు. వంటలో నైపుణ్యం లేదని వెనుకంజ వేసేవారిని సైతం ఇది మాటల్లోకి తెస్తుంది.

6. ఆదిలాబాద్: నమూనాను మార్చుకోవలసిన చోటు

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయింది. తెలుగుతో పాటు గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ వినిపించే ఈ ప్రాంతంలో కరీంనగర్ నమూనాను యథాతథంగా అమలు చేయలేరు. ఇక్కడ జొన్నరొట్టె ప్రధానమైనది. పిండిని వేడినీటితో కలిపి, మర్దించి, అరచేతులతో చరుస్తూ రొట్టెను పెంచడం చూసి నేర్వదగిన విద్య. ఆ విద్యలో అతిథి గురువు, అమ్మేవారు శిష్యులు. పాత్రలను చూపించడానికి వచ్చిన మహిళ ముందుగా తానే రొట్టె చరచడం నేర్చుకోవడంతో మొదలుపెడితే సమావేశం స్వభావమే మారుతుంది.

ఉట్నూరు ప్రాంత ఆదివాసీ మహిళలు తయారుచేసే ఇప్పపువ్వు లడ్డు మరొక ఉదాహరణ. ఇప్పపువ్వు అనగానే సారా గుర్తుకు తెచ్చుకునే పట్టణ కొనుగోలుదారు ఉంటారు. ఆ అపోహను మాటలతో తొలగించడం కష్టం. వేసవి ఆరంభంలో తెల్లవారుజామున రాలిన పువ్వును ఏరి, ఎండబెట్టి, శుభ్రపరిచి, వేయించి, బెల్లంతో కలిపే క్రమాన్ని కళ్లముందు చేసి చూపాలి. ఎండిన పువ్వును అతిథుల చేతికిచ్చి వాసన చూడమని, కేసరాలు తీసి శుభ్రం చేయమని, ఉండ చుట్టమని కోరాలి. అక్కడ అమ్ముడయ్యేది లడ్డు మాత్రమే కాదు. అడవి గురించిన జ్ఞానానికి గౌరవం కూడా దక్కుతుంది. ఆ జ్ఞానాన్ని వివరించే అవకాశం దానిని కలిగి ఉన్న మహిళలకే ఇవ్వాలి.

అదే సమయంలో ప్రతి సామూహిక వంటా ప్రదర్శనకు తగినది కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశీయులు 22 పొయ్యిలపై వంతులవారీగా వండుకుంటారు. అది వంశ క్రమానికి, ఆరాధనకు చెందినది. దానిని అమ్మకపు వేడుకకు అలంకారంగా వాడరాదు.

7. కొనకపోయే స్వేచ్ఛ

2021 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన వినియోగదారుల రక్షణ (ప్రత్యక్ష విక్రయ) నియమాల ప్రకారం, ప్రత్యక్ష విక్రేత గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా వినియోగదారుని ఇంటికి వెళ్లరాదు. తానెవరో, ఏ వస్తువు కోసం వచ్చారో ఆరంభంలోనే చెప్పాలి. ధర, చెల్లింపు, వాపసు వివరాలను తెలియజేయాలి. ఈ నియమాలను చట్టపు భారంగా కాక, సమావేశానికి తగిన ఆరంభంగా భావించవచ్చు. “ఇది అమ్మకానికే చూపుతున్నాం, ఈ రోజు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోము” అని మొదటే ప్రకటిస్తే గదిలోని బిగువు సడలుతుంది.

కోరినవారు మరుసటి రోజు ఫోన్‌లో చెప్పే ఏర్పాటు ఉంటే, ఎవరు కొన్నారో, ఎవరు కొనలేదో పదిమందికి తెలియదు. ఇల్లాలికి ఇచ్చే కానుకను అమ్మకపు మొత్తంతో ముడిపెట్టకుండా ముందే నిర్ణయించాలి. లేకపోతే ఆమె తన బంధువులనే ఒత్తిడి చేయవలసిన స్థితిలో పడుతుంది. వేడి నూనె, గ్యాస్ పొయ్యి ఉన్నచోట పిల్లలకు వేరే చోటు చూపడం, ఆహార పదార్థాలు అమ్మేవారు ఆహార భద్రతా చట్టం కింద నమోదు కావడం కూడా ఈ నమ్మకంలో భాగమే.

8. ముగింపు

వంట ప్రదర్శన విక్రయ సమావేశంలో ఉల్లాసం బయటి నుంచి తెచ్చి చేర్చే వస్తువు కాదు. చేతికి పని, నోటికి మాట, కొనకపోయే స్వేచ్ఛ అనే మూడూ ఉన్నచోట అది సహజంగా పుడుతుంది. మొదటి రెండింటినీ సకినాల తయారీ తరతరాలుగా అందిస్తున్నది. మూడవదాన్ని అమ్మేవారు పూనుకొని కల్పించాలి. అలా చేసినప్పుడు ఆ రోజు అమ్మకం తగ్గవచ్చు. కాని మరుసటి నెల పిలుపునకు అదే వాడకట్టు మళ్లీ వస్తుంది. ఇళ్లలో వండి అమ్ముకునే మహిళల వ్యాపారం నిలబడేది ఆ రెండవ రాకపైనే. సామూహిక వంటకు సంబంధించిన పదజాలం, సంభాషణ రీతులు, వరుసల వినియోగంపై మండలాల వారీగా పరిశోధన జరిగితే, జానపద విజ్ఞానానికీ, మహిళా సంఘాల శిక్షణ పాఠాలకూ అది ఏకకాలంలో ఉపకరిస్తుంది.