చిల్లుకాసు మీద నాలుగు అక్షరాలు

ఫెంగ్‌షుయ్ మోజు పుణ్యమా అని చైనా నాణేలు తెలుగు ఇళ్లలోకీ వచ్చి చేరాయి. ఎర్రదారంతో కట్టిన మూడు చిల్లుకాసులు కొందరి పర్సులో ఉంటాయి, కొందరి గుమ్మానికి వేలాడుతుంటాయి. వాటిలో చాలావరకు ఈమధ్య తయారైన నకళ్లే. కానీ వాటిమీది పేర్లు మాత్రం నిజంగా చైనాను ఏలిన చక్రవర్తుల కాలానివి. తమాషా ఏమిటంటే, అసలు కాసు కూడా అంత పిరమైన వస్తువేం కాదు. 18వ శతాబ్దపు చియెన్‌లోంగ్ కాసుల్లో మామూలు రకం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అప్పట్లో వాటిని కోట్లకొద్దీ పోతపోశారు మరి. అందుకే ఈ సేకరణలో డబ్బు కన్నా చూసే కన్ను ముఖ్యం.

చైనా భాష రానివాళ్లూ వీటిని గుర్తుపట్టవచ్చు. చదరపు చిల్లు చుట్టూ సాధారణంగా నాలుగు అక్షరాలుంటాయి. కుడి ఎడమల రెండూ ఎక్కువ కాసుల మీద ‘టోంగ్‌బావ్’ అనే మాటే, అంటే చలామణీలో ఉన్న సొమ్ము. పైనా కిందా ఉన్నవి పాలనాకాలానికి పెట్టుకున్న పేరు. మింగ్, చింగ్ వంశాల రోజుల్లో చక్రవర్తికి దాదాపు ఒకే పేరు కాబట్టి అది తెలిస్తే కాలం తెలిసినట్టే. కాంగ్‌షీ అంటే 1662–1722, చియెన్‌లోంగ్ అంటే 1736–1795. పేరు చెప్పిన కాలాన్ని కళ్లు మూసుకుని నమ్మడానికీ లేదు. షిన్‌జియాంగ్‌లో రాగి పాలు ఎక్కువై ఎర్రగా కనిపించే కాసుల మీద చియెన్‌లోంగ్ పేరు ఆయన పోయాక కూడా చాలాకాలం పడుతూ వచ్చింది.

సోంగ్ వంశం దగ్గరకొస్తే పని కాస్త చిక్కే. రెన్‌జోంగ్ చక్రవర్తి నలభై ఏళ్ల పాలనలో తొమ్మిదిసార్లు పేరు మార్చాడు. పైగా ఒకే కాసును రెండు రకాల లిపుల్లో జంటగా విడుదల చేసేవారు. అక్షరాలు కొన్నిటిమీద పైనుంచి కిందికి, మరికొన్నిటిమీద గడియారం ముల్లు తిరిగినట్టు చుట్టూ సాగుతాయి. విసుగు పుట్టించే ఈ వంశమే చాలామంది సేకర్తలకు ప్రాణం. కారణం చేతిరాత. 12వ శతాబ్ది ఆరంభంలో ఏలిన హుయిజోంగ్ స్వయంగా చిత్రకారుడు. సన్నగా, తీగలా సాగే తన రాతనే కాసుల మీదికి ఎక్కించాడు. 1127లో జుర్చెన్‌లు ఆయన్ని పట్టుకుపోయారు గానీ ఆయన పాలనాకాలపు ‘దాగ్వాన్’ కాసులు ఇప్పటికీ అంగళ్లలో తిరుగుతూనే ఉన్నాయి.

నాలుగక్షరాల ఈ పద్ధతికి ఒరవడి పెట్టింది 621లో టాంగ్ వంశం తెచ్చిన ‘కైయువాన్ టోంగ్‌బావ్’. ఓయాంగ్ షూన్ అనే పేరుమోసిన లిపికారుడు దానికి అక్షరాలు రాసిచ్చాడు. అంతకుముందు ఏడు శతాబ్దాలకు పైగా, క్రీస్తుపూర్వం 118 నుంచి, బరువును మాత్రమే చెప్పే ‘వూజూ’ కాసులు చెల్లుబాటయ్యాయి. కొన్ని కైయువాన్ కాసుల వెనక చిన్న నెలవంక కనిపిస్తుంది. మైనపు నమూనా చూస్తుండగా ఒక రాణి గోటిగాటు పడిందట! కథ బాగుంది, నమ్మాల్సిన పని లేదు.

వీటిని సుత్తితో అచ్చు గుద్దలేదు, పోత పోశారు. సోంగ్ యింగ్‌షింగ్ 1637లో అచ్చేసిన ‘టియెన్‌గోంగ్ కైవూ’ అనే చేతిపనుల గ్రంథంలో ఆ తతంగం బొమ్మలతో సహా ఉంది. మెత్తటి మట్టిపొడి దట్టించిన చెక్క చట్రంలో తల్లి నాణేలు పేర్చి అచ్చు తీస్తారు. కరిగిన లోహం సన్న కాలువల్లో పారి గడ్డకట్టాక చూస్తే కొమ్మలకు కాసులు కాసిన చెట్టులా ఉంటుంది. వాటిని విరిచి, చిల్లుల్లోంచి కడ్డీ దూర్చి, అన్నిటి అంచులూ ఒక్కసారే ఆకురాయితో రాస్తారు. చిల్లు చదరంగా ఉంటే కాసు కడ్డీ మీద గిర్రున తిరిగిపోదు. ఆకాశం గుండ్రం, భూమి చదరం అన్న పాత నమ్మకాన్ని కూడా ఈ ఆకారానికి ముడిపెడతారు గానీ, కార్ఖానాలో అక్కరకొచ్చింది మాత్రం తిరగకపోవడమే. అసలు కాసు అంచున ఆ ఆకురాయి గీతల కోసమే వెతకాలి.

మొదట్లో ఈ కాసులు కంచువి. 16వ శతాబ్దంలో మింగ్ పాలకులు జింకు కలిపిన ఇత్తడికి మళ్లారు. అక్కడే ఒక తలనొప్పి మొదలైంది. రాగి ధర పెరిగితే జనం కాసులు కరిగించి గిన్నెలు చేసుకునేవారు. 1740లో చియెన్‌లోంగ్ ప్రభుత్వం దీనికి ఓ ఉపాయం పన్నింది. సగం రాగి, మిగతాది జింకు, సీసం ఉండగా నూటికి రెండు పాళ్లు తగరం కలిపించింది. ఆ లోహం సుత్తి దెబ్బకు పెళుసుగా విరిగిపోయి పాత్రలకు పనికిరాదని లెక్క. పాత పసుపు కాసుల నుంచి వీటిని రంగులో కాస్త తేడాను బట్టి వేరుచేస్తారు.

చింగ్ కాసును వెనక్కి తిప్పితే నిలువుగా మంచూ లిపి కనిపిస్తుంది. సాధారణంగా ఎడమ పక్క మాట అన్నిటికీ ఒకటే, కుడి పక్కది టంకశాల పేరు. బీజింగ్‌లోనే ఒకటి ఆదాయ శాఖది, మరొకటి పనుల శాఖది. ఓ పది గుర్తులు అలవాటైతే ఎక్కువ కాసుల పుట్టినూరు చెప్పేయొచ్చు. షియెన్‌ఫెంగ్ కాలం (1851–61) మాత్రం ప్రత్యేకం. తైపింగ్ తిరుగుబాటుదారులు 1853లో నాన్‌జింగ్ పట్టుకోవడంతో యునాన్ రాగి బీజింగ్‌కు వచ్చే దారి తెగింది. ఖజానా ఖాళీ. దాంతో పది, యాభై, వంద, చివరికి వెయ్యి కాసుల విలువ రాసిన పెద్ద నాణేలు పోశారు. వెయ్యి విలువ రాసినదానిలో వెయ్యి కాసుల లోహం లేదని జనానికి తెలియదా? దొంగపోతలు ముంచెత్తాయి, పైస్థాయి విలువలను కొద్దికాలానికే రద్దు చేశారు. ఈనాడు నకిలీలు ఎక్కువగా పుట్టేదీ ఈ పెద్ద నాణేల్లోనే. కొత్తగా చేరేవాళ్లు వాటి జోలికి పోకపోవడం మేలు.

ఈ కాసులు మన తీరాలకూ వచ్చాయి. తంజావూరు ప్రాంతంలో చైనా కాసుల నిధులు బయటపడ్డాయి. 1077లో చోళరాజ్యం నుంచి వెళ్లిన రాయబారులకు సోంగ్ చక్రవర్తి ఎనభై వేలకు పైగా దండల రాగికాసులు ఇచ్చాడని చైనా రికార్డులు చెబుతాయి. అప్పుడు చోళ సింహాసనం మీదున్నది వేంగి చాళుక్య వంశంలో పుట్టిన కులోత్తుంగుడే.

చేతికొచ్చిన పాత కాసును చూడగానే మనవాళ్లకు చింతపండు గుర్తొస్తుంది. ఇత్తడి చెంబును తోమినట్టు దీన్ని తోమితే శతాబ్దాల చిలుము పోతుంది, దాంతోపాటే విలువా పోతుంది. మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రాస్తే చాలు. కలగలుపుగా కిలోల్లెక్కన అమ్మే పాత కాసుల్లో చైనావి కానివీ దొర్లుతుంటాయి. వెనక అలల గీతలుంటే అది జపాన్‌ది, ఎక్కువగా ‘కాన్‌ఏయి’ కాసు. ‘కాన్‌హుంగ్’ పేరుంటే వియత్నాంది, 1740 తర్వాతిది. కొరియా కాసుల వెనక టంకశాల గుర్తుతోపాటు వరస అంకెలు కూడా కనిపించవచ్చు. వీటిని పక్కకు తీసి వేరే డబ్బాలో వేసుకున్నవాళ్లు చాలామంది ఆ దేశాల కాసుల వెంట కూడా పడ్డారు.