కొండమీద తెల్లని గీత

మా తూప్రాన్ ప్రక్కనుండి సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై మీలో కొందరైనా ప్రయాణించే ఉంటారు. ఆ దారి పట్టుకొని ఉత్తరంగా పోతే నిర్మల్, నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ దాటి చివరకు కాశ్మీరులోని శ్రీనగర్ చేరతాం. అక్కడినుండి మరో 50 కిలోమీటర్లు వెళితే గుల్మార్గ్ వస్తుంది. చలికాలంలో స్కీయింగ్ ఆటకు పేరుపొందిన చోటు అది. పాదాలకు పొడవైన బద్దలు బిగించుకొని మంచువాలు మీద జారటమే స్కీయింగ్. మనిషి బరువు బద్ద పొడవునా పరచుకోవటం వల్ల పీడనం తగ్గి, కాలు మంచులో కూరుకుపోదు.

గుల్మార్గ్ మైదానం సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. దాని ఎదుటనే అఫర్వాత్ పర్వతం 4,000 మీటర్లకు మించి లేచి కనిపిస్తుంది. మే నెలలో మైదానంలో నిలబడి తలెత్తి చూడండి. కాళ్ళ దగ్గర పచ్చిక. దానిపైన సూదుల్లాంటి ఆకులున్న పైన్, ఫర్ చెట్ల ముదురాకుపచ్చ అడవి. ఆపైన తెల్లని మంచు. ఒకే కొండకు మూడు రంగుల చీర కట్టినట్లుంటుంది! ఈ రంగులు ఎందుకిలా విడిపోయాయి?

"పైకి పోయేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి వేడి పెరగాలి గాని మంచెందుకు?" అని తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మంచి ప్రశ్నే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరం ఎక్కింది. సముద్రమట్టంతో పోలిస్తే ఆమె 8.8 కిలోమీటర్లు పైకి వెళ్ళింది. కాని సూర్యుడున్నది దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన. ఆ దూరంలో ఇది కోటోవంతు కూడా కాదు! కనుక సూర్యుడికి దగ్గరవటం అనే మాటను లెక్కలోనుండి తీసివేయవచ్చు.

అసలు సంగతి ఏమిటంటే, సూర్యకిరణాలు గాలిని నేరుగా అంతగా వేడిచేయవు. అవి ముందు నేలను వేడిచేస్తాయి. నేలను తాకిన గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. పైన వాతావరణ పీడనం తక్కువ. అందువల్ల ఆ గాలి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించే గాలి చల్లబడుతుంది. సైకిలు ట్యూబులోని గాలి వదులుతూ వేలు అడ్డంపెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. కొండమీద జరిగేదీ ఇదే. ఇలా ప్రతి కిలోమీటరు ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. గుల్మార్గ్‌లో కేబుల్ కారు రెండు అంచెలుగా సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అంటే 1,300 మీటర్ల తేడా. క్రింద 5 డిగ్రీలుంటే పైన సున్నాకు మూడున్నర డిగ్రీలు దిగువన ఉంటుంది. ఒకే మబ్బు క్రింద మైదానంలో వాన, కొండమీద మంచు! సున్నా డిగ్రీలు వచ్చేది దాదాపు 3,400 మీటర్ల దగ్గర. మరునాడు మబ్బు విడిచాక చూస్తే ఇంచుమించు ఆ ఎత్తునే కొండకు అడ్డంగా గీత గీసినట్లు తెలుపు మొదలవుతుంది. ఎండ బాగా తగిలే దక్షిణపు వాలున ఆ గీత కాస్త పైకి, నీడపట్టున కాస్త క్రిందికి ఉంటుంది. అనగా కొండ ఒక నిలువెత్తు థర్మామీటరు. ఆ గీత దానిపై సున్నా గుర్తు.

అడవి అంచు కథ కూడా ఇటువంటిదే. ఒక ఎత్తు దాటాక వెచ్చని రోజులు ఏడాదిలో మరీ కొద్ది. చెట్టు పెరగటానికి ఆ కాలం చాలదు. హిమాలయాలలో అడవి ముగిసే ఆ అంచునే భూర్జవృక్షాలు కనిపిస్తాయి. మన పెద్దలు తాటాకుల మీద వ్రాసినట్లే, కాశ్మీరు పండితులు ఆ చెట్టు బెరడు మీద గ్రంథాలు వ్రాశారు.

మంచుగడ్డ పారదర్శకం గదా, కొండమీది మంచు తెల్లగా ఎందుకుంది? పటికబెల్లం ముక్కను రోట్లో దంచండి. అద్దంలాంటి ముక్క తెల్లని పొడి అవుతుంది. లెక్కలేనన్ని చిన్న ముఖాలు కాంతిని అన్నివైపులకూ చెదరగొట్టటమే కారణం. కురిసిన మంచు కూడా సన్నని స్ఫటికాల పోగే. తాజా మంచు తనపై పడిన వెలుగులో 80 శాతానికి పైగా త్రిప్పి పంపుతుంది. అందుకే స్కీయింగ్ చేసేవారు నల్లకళ్ళద్దాలు తప్పక పెట్టుకుంటారు.

ఇక ముఖ్యమైన మాట. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆ తెల్లని గీత సుమారు 150 మీటర్లు పైకి జరుగుతుంది. 1,000ని 6.5తో భాగించి చూడండి. మన చెరువు వాననీటిని దాచి యాసంగికి ఇచ్చినట్లే, కొండ మంచును దాచి ఎండాకాలంలో జీలం నదికి ఇస్తుంది. గీత పైకి జరిగితే ఆ చెరువు చిన్నదైనట్లే. మంచుగా నిలవవలసిన నీరు వానగా పడి వెంటనే పారిపోతుంది. మంచు కురవటం కూడా నమ్మకంగా లేదు. గుల్మార్గ్‌లో 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి.

చివరగా మీకొక అభ్యాసం. మీ ఊరి చెరువు వెనుక ఆకాశాన్నంటే పర్వతం ఉందనుకోండి. తూప్రాన్‌లో ఎండాకాలం మధ్యాహ్నం 39 డిగ్రీలుంటే, 39ని 6.5తో భాగించగా 6. అంటే ఊరికి 6 కిలోమీటర్ల పైన సున్నా గుర్తు. చలికాలం తెల్లవారుజామున 13 డిగ్రీలుంటే 2 కిలోమీటర్లకే అది దిగివస్తుంది. మీ ఊరి ఉష్ణోగ్రతను వారం రోజులు వ్రాసుకొని, మీ కొండమీద గీత ఎక్కడుంటుందో గ్రాఫు కాగితంపై గీయండి. అది రోజూ ఎలా ఎక్కి దిగుతుందో మీరే చూస్తారు.