సిలువ మార్గం: మారని పద్నాలుగు పేర్లు, ఊరూరా మారే ప్రార్థన

2022 ఏప్రిల్ 15, గుడ్ ఫ్రైడే రాత్రి. రోమ్‌లోని కొలోసియం వద్ద పోప్ ఫ్రాన్సిస్ సమక్షంలో సాగుతున్న సిలువ మార్గ ప్రార్థన పదమూడవ స్థలానికి చేరింది. ఒక ఉక్రెయిన్ మహిళ, ఒక రష్యా మహిళ కలిసి సిలువను పట్టుకుని నిలిచారు. ఇద్దరూ స్నేహితులు. అయితే అక్కడ చదవవలసిందిగా ముందే ప్రకటించిన ధ్యానం మాత్రం వినిపించలేదు. దాని స్థానంలో క్లుప్తంగా ఒకటి రెండు వాక్యాలు, ఆపైన మౌనం.

ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలై అప్పటికి రెండు నెలలైనా కాలేదు. ఆ ధ్యానంలోని సఖ్యత భావానికి ఉక్రెయిన్ గ్రీకు కాథలిక్ సంఘాధిపతి స్వియతోస్లావ్ షెవ్‌చుక్, వాటికన్‌లోని ఉక్రెయిన్ రాయబారి అభ్యంతరం తెలిపారు. దాడి చేసినవారినీ దాడికి గురైనవారినీ ఒకే వాక్యంలో నిలిపే సమయం ఇది కాదన్నది వారి వాదన. ప్రార్థన పాఠంలోని కొన్ని వాక్యాలు దౌత్య వివాదానికి దారితీయడం వింతగా అనిపించవచ్చు. ఈ ప్రార్థన నిర్మాణం తెలిస్తే అది అంత వింత కాదు.

యేసుకు మరణశిక్ష విధించడం మొదలు ఆయనను సమాధిలో ఉంచడం వరకు పద్నాలుగు ఘట్టాలను నడుస్తూ ధ్యానించడమే సిలువ మార్గం. ఒక్కో ఘట్టాన్ని తెలుగు కాథలిక్కులు ‘స్థలము’ అంటారు. ప్రతి స్థలం వద్ద దాని పేరు ప్రకటిస్తారు, మోకరించి, గురువు ఒక పాదం చెప్పగా ప్రజలు మరో పాదంతో బదులిస్తారు, ధ్యానం చదువుతారు, కాసేపు మౌనం, తరువాత జపం. పాట పాడుతూ మరో స్థలానికి కదులుతారు. పేరు, జవాబు పాదం, నడక దాదాపు మారవు. ధ్యానం మాత్రం ఎవరు రాస్తే వారిది. నడుస్తున్న ఊరు, ఆ ఏటి దుఃఖం ప్రార్థనలోకి ప్రవేశించేది ఆ ద్వారం గుండానే.

పద్నాలుగు అనే సంఖ్య సువార్తల నుంచి వచ్చింది కాదు. యేసు మూడుసార్లు పడిపోవడం, దారిలో తల్లిని కలవడం, వెరోనికా ఆయన ముఖం తుడవడం, ఈ ఐదూ సువార్తలలో కనిపించవు. అవి భక్త సంప్రదాయం చేర్చుకున్నవి. అందుకే 1991లో రెండవ జాన్ పాల్ పూర్తిగా బైబిలు ఘట్టాలతో కూడిన మరో క్రమాన్ని అనుసరించారు. అందులో గెత్సెమనే తోట, పేతురు బొంకు చేరాయి. పాత క్రమం మాత్రం ప్రజల నోట అలాగే నిలిచింది. అది సహజమే. బరువు మోస్తూ పడి లేచే మనిషిని ఏ ప్రాంతం వారికీ వివరించి చెప్పనక్కరలేదు.

అసలు దారి జెరూసలేంలోనిదే అయినా, దాని క్రమాన్ని ఎక్కువగా తీర్చిదిద్దింది ఐరోపా. 1458లో, మళ్లీ 1462లో అక్కడికి వెళ్లిన ఆంగ్ల యాత్రికుడు విలియం వే ఈ మజిలీలను వర్ణించాడు. ఆనాటి యాత్రికులు పవిత్ర సమాధి దేవాలయం నుంచి మొదలుపెట్టి, ఇప్పటికి వ్యతిరేక దిశలో నడిచేవారు. అంత దూరం వెళ్లలేని వారి కోసం ఐరోపా నగరాలలో నమూనా మార్గాలు వెలిశాయి. 1584లో క్రిస్టియన్ వాన్ అడ్రిఖెమ్ ప్రచురించిన గ్రంథంలోని పన్నెండు ఘట్టాలు నేటి మొదటి పన్నెండు స్థలాలతో సరిపోతాయి. 1731లో పన్నెండవ క్లెమెంట్ పోప్ సంఖ్యను పద్నాలుగుగా స్థిరపరిచారు. చివరకు ఈ క్రమమే జెరూసలేం వీధికీ వర్తించింది. దారిని చూసి ప్రార్థన పుట్టింది. ఆ ప్రార్థనను బట్టి దారి మళ్లీ అమరింది. పిలాతు తీర్పు చెప్పినది నగరానికి పడమర ఉన్న హేరోదు రాజభవనంలో కావచ్చునని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే యేసు నడిచిన దారి నేటి ‘వియా డొలొరోసా’ కాదు.

అయినా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫ్రాన్సిస్కన్ సన్యాసుల వెంట యాత్రికులు అక్కడే నడుస్తారు. మొదటి స్థలం ఇప్పుడొక ముస్లిం పాఠశాల ఆవరణ. చివరి ఐదు పవిత్ర సమాధి దేవాలయంలో ఉన్నాయి. నడుమ అంతా దుకాణాలు, బేరాలు, తోపుడు బండ్లు. ధ్యానానికి అది అనువైన చోటు కాదనిపిస్తుంది గానీ, మరణశిక్ష పడిన మనిషిని నడిపించిన నాటి వీధి మాత్రం నిశ్శబ్దంగా ఉండి ఉంటుందా?

రోమ్ సంగతి వేరు. 1750లో ఫ్రాన్సిస్కన్ బోధకుడు లియొనార్డ్ కొలోసియంలో పద్నాలుగు స్థలాలను నెలకొల్పాడు. 1874లో తవ్వకాల కోసం వాటిని తొలగించారు. 1964లో ఆరవ పాల్ గుడ్ ఫ్రైడే నడకను అక్కడ పునరుద్ధరించారు. కాలక్రమంలో ధ్యానాల రచనను ఏటా ఒకరికి అప్పగించడం ఆనవాయితీ అయింది. 1994లో ఆర్థడాక్స్ పాట్రియార్క్ బర్తొలొమయి రాశారు. 2019లో మానవ అక్రమ రవాణా బాధితుల మధ్య పనిచేసిన సన్యాసిని యూజీనియా బొనెత్తి రాశారు. 2020లో కోవిడ్ కారణంగా నడక ఖాళీగా ఉన్న సెయింట్ పీటర్స్ చౌకుకు మారింది. పాదువా కారాగారంలోని ఖైదీలు, హత్యకు గురైన యువతి తల్లిదండ్రులు, జైలు సిబ్బంది రాసిన మాటలు ఆ ఏడు వినిపించాయి. నేరస్థుడిగా శిక్ష పడిన వ్యక్తి కథను ఖైదీలే ధ్యానించడం కన్నా సూటియైన ఎంపిక ఈ వరుసలో మరొకటి లేదనిపిస్తుంది.

అమెరికాలోని షికాగో నగరం పిల్సెన్ ప్రాంతంలో మెక్సికన్ వలసదారులు 1977 నుంచి ఈ నడకను సజీవ ప్రదర్శనగా నిర్వహిస్తున్నారు. అంతకుముందు 1976 క్రిస్మస్ ముందు రోజున అక్కడొక ఇంట్లో మంటలు చెలరేగి పిల్లలు సహా పలువురు మరణించారు. లోపల పిల్లలున్నారని ఇరుగుపొరుగు స్పానిష్‌లో అరిచినా అగ్నిమాపక సిబ్బందికి అర్థం కాలేదు. ఆ దుఃఖం నుంచి మొదలైన ఊరేగింపులో స్థానికుల వెతలు ఘట్టాలతో ముడిపడ్డాయి.

తెలుగునాట ఈ ప్రార్థన ప్రధానంగా కాథలిక్కులది. తపస్సు కాలపు శుక్రవారాలలో ఆలయ గోడలపై ఉన్న పద్నాలుగు చిత్రాల ముందు దీనిని జరుపుతారు. ప్రొటెస్టెంట్ సంఘాలలో గుడ్ ఫ్రైడే అంటే సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానమే ముఖ్యం. ఇరువురూ వాడే ‘సిలువ’ అనే మాట సిరియాక్ భాషలోని ‘స్లీబా’ నుంచి పొరుగు ద్రావిడ భాషల మీదుగా వచ్చింది. కేరళలో కొండపై ఉన్న మలయాట్టూరుకు యాత్రికులు కొయ్య సిలువలు మోస్తూ, పద్నాలుగు స్థలాల వద్ద ఆగుతూ ఎక్కుతారు. అక్కడ ధ్యానం పుస్తకం చూసి చదివేవారు కొందరే. మిగిలినవారు ఎక్కుతూ పోతారు, స్థలం రాగానే ఆగుతారు.