పులికి చోటివ్వకండి!

వంటపని అయ్యాక అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి, చింతగింజలు ముందేసుకుని కూర్చున్న మధ్యాహ్నాలు గుర్తున్నాయా? సిరిసిల్ల దగ్గరి గంభీరావుపేట అయినా, గుంటూరు అయినా పులి-మేక ఆట తెలియని అమ్మమ్మలు అరుదే.

సాధారణంగా 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. పులి దూకి మేకను తినగలదు. మేక దూకలేదు. మరి గెలిచేదెలా?

కిటుకు ఒక్కటే. మేక వెనక, అదే గీతలో ఖాళీ ఉంటేనే పులి దూకేది. కాబట్టి ముందు అంచుల్లో పెట్టండి, అక్కడ పులికి దారులు తక్కువ. తర్వాత ఒకదానికొకటి ఆనించి నడిమికి రండి. 15 మేకలూ పెట్టేదాకా దేన్నీ కదపకూడదు. అందుకే తొందర పనికిరాదు. ఒకటి పోయిందని కంగారుపడ్డారో, దాని వెంటే ఇంకోటి పోతుంది!

చైనాలో పుట్టిన 'గో' ఆటలోనూ కాపలా ఇలాంటిదే. మన చోట్లోకి చొరబడిన రాళ్లు బతకాలంటే వాటి మధ్య రెండు విడివిడి ఖాళీలు ఉండాలి. ఆ ఖాళీలు దక్కనివ్వకపోతే చాలు.

ఇక్కడా పులిని చంపక్కర్లేదు. మూడూ కదలలేకపోతే గెలుపు మేకలదే. ఈ సెలవుల్లో పులులు పిల్లలకిచ్చి, మేకలు మీరు తీసుకోండి. ఎవరు గెలుస్తారో చూద్దాం!