స్వర్ణనగరపు పెరడులలో పుట్టిన సంగీతము

మన భిలాయిలోని మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభించిరి. అంతకు రెండు దినములు ముందుగా, దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గునందలి విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయ మహాశాలలో, నల్లజాతి నటగాయకులే పాత్రధారులుగా 'కింగ్ కాంగ్' అను సంగీతరూపకము తొలిసారి ప్రదర్శింపబడినది. ఈ రెంటికిని సంబంధ మేమియు లేదు. అయినను, శ్రీకాకుళము మొదలగు సీమలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, ఈ ఉక్కునగరమున క్యాంపులలోను సెక్టారులలోను కాపురములు పెట్టిన తెలుగు కుటుంబములకు, ఆ రూపకము వెనుకనున్న సంగీతచరిత్ర పరాయి కథగా తోపదని నా విశ్వాసము.

1886లో బంగారము బయల్పడిన పిమ్మట వెలసిన జోహన్నెస్‌బర్గునకు, గనులకును కర్మాగారములకును దొరల ఇండ్ల ఊడిగమునకును పల్లెలనుండి వచ్చిన నల్లవారు, డూర్న్‌ఫాంటీన్ వంటి పేటల పెరడులలో రేకుల గదులు కట్టుకొని తలదాచుకొనిరి. వారికి మద్యము అమ్ముట చట్టరీత్యా నేరము. కావున స్త్రీలు ఇంటనే చాటుగా కాచి అమ్ముచుండిరి. షెబీనులని పేరొందిన ఆ ఇండ్లలోనే 1920 ప్రాంతములలో మరాబీ యను సంగీతము రూపుగట్టినది. మన పద్యనాటకసమాజముల లెగ్ హార్మోనియమువంటి వాద్యమును ఒకడు కాళ్లతో తొక్కుచు వాయించుచుండగా, పక్కన మరియొకడు గులకరాళ్లు పోసిన రేకుడబ్బాను లయకు ఆడించుచుండగా, మూడే మూడు స్వరసమ్మేళనములు మరల మరల తిరుగుచు, తెల్లవారుదాక ఆగక సాగెడివి. చదువుకొన్న నల్లజాతి పెద్దలు దీనిని నీచసంగీతమని ఈసడించిరి. ఆ ఈసడింపునుండియే వారి జాజ్ పుట్టినదని చెప్పినను తప్పులేదు; ఏలయన, అమెరికా రికార్డులు విని స్వింగ్ నేర్చిన వాద్యబృందములు, తమ ప్రతిష్ఠకొరకు మరాబీని వదలుకొనుటయా, జనముకొరకు కలుపుకొనుటయా యను ప్రశ్న నెదుర్కొనవలసివచ్చినది.

పీటర్ రెజాంటు నాయకత్వమునందలి మెర్రీ బ్లాక్‌బర్డ్స్ బృందమువారు స్వరలిపి చదువనేర్చినవారు. తెల్లవారి విందులకును వారికి పిలుపులు వచ్చెడివి. 1935లో సాలమన్ 'జూలూబాయ్' సెలె స్థాపించిన జాజ్ మానియాక్సువారు మరాబీని స్వింగులో కలిపి జనసామాన్యమునకు ఆప్తులైరి. నల్లవారు రాత్రివేళ అనుమతిపత్రము లేక వీథులలో తిరుగరాదను శాసన ముండుటచే, సభలు ఎనిమిదింటికి మొదలై అర్ధరాత్రివరకు నాటకములతోను పాటలతోను, ఆపై నాలుగింటివరకు నృత్యముతోను నడచెడివి. ఇంటికి పోవుటకు దారి మూసిన నిర్బంధమే రాత్రినంతయు సంగీతమునకు విడిచినది. ఇది అమెరికావారి అనుకరణమాత్రమే యనువారితో నేను ఏకీభవింపజాలను. వాద్యములును వేషములును అచ్చటివి కావచ్చును గాని, అడుగున తిరుగుచున్న ఆ మూడు మేళనముల నడక అచ్చముగా ఆ పెరడులదే.

1950 దశకమున ఒక చిన్న రేకు పిల్లనగ్రోవి వీథులలో మారుమ్రోగినది. బాలురు దాని మూతిని నోట ఓరగా త్రిప్పి పట్టి, గట్టి ధ్వని రాబట్టి, రంధ్రములను సగము మూసి స్వరములను జార్చుచు వాయించెడివారు. క్వేలా యనెడి ఈ సంగీతమునకు స్పోక్స్ మషియానే మేటి.

ఈ కథలో భారతీయులకును చోటున్నది. 1860 మొదలు ఆ దేశపు నాటాలు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా పోయినవారిలో విశాఖపట్టణము, గంజాము జిల్లాల తెలుగువారు అనేకులు. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభ నెలకొల్పుకొనిరి. ఆ నాటాలునందలి డర్బనులో, విక్టోరియా వీథియందు పంపీ నాయుడుగారు నడపిన గుడ్‌విల్ లౌంజి 1950 దశకమున జాజ్ కళాకారులకు ఆశ్రయ మైనది. జాతులవారీగా నివాసములను విడదీసిన 1950 నాటి చట్టము అమలగుచున్న దినములలో, వేర్వేరు వర్ణములవారు ఒకచోట కూర్చుండి పాట వినుటకు తలుపు తెరచుట సామాన్యసాహసము కాదు.

జోహన్నెస్‌బర్గులో ఈ సంగీతమునకు పట్టుగొమ్మయైన సోఫియాటౌను పేటను, 1955 ఫిబ్రవరిలో సాయుధులైన రెండువేలమంది పోలీసులు చుట్టుముట్టి, జనులను లారీలలో కెక్కించి తరలింపసాగిరి. ఇండ్లు కూల్చి, తెల్లవారికి కట్టిన పేటకు 'విజయ'మను అర్థమిచ్చు పేరు పెట్టిరి. టాడ్ మత్షికిజా సంగీతము కూర్చిన 'కింగ్ కాంగ్' అట్టి దినములలోనే వెలువడినది. అందు నటించిన మిరియం మకేబా 1959లోనే విదేశమునకు పోయినది. 1961లో లండనుకు పోయిన నటబృందమునుండి పలువురు తిరిగి రాలేదు. హ్యూ మసకేలా, డాలర్ బ్రాండు, కిప్పీ మొకెట్సి మొదలగువారు కూడిన జాజ్ ఎపిసిల్స్ 1960లో రికార్డు వెలువరించిరి. ఆ యేటి మార్చిలో షార్ప్‌విల్లులో పోలీసుల కాల్పులకు 69 మంది బలియైన పిమ్మట, మసకేలాయు దేశము విడిచెను. సోఫియాటౌనుకు దాని పూర్వనామము 2006లో తిరిగి లభించినది.

ఈ సంగీతమును క్రొత్తగా వినగోరు పాఠకులు మొదట మన్‌హాటన్ బ్రదర్స్ అను గాయకబృందమువారి పాటలను, పిదప మషియానే పిల్లనగ్రోవిని, ఆ తరువాతనే జాజ్ ఎపిసిల్సును వినవలెనని నా మనవి.