ఫొటోలో ఉన్నది మీరేనా?

పూసలదండ, అద్దాల జాకెట్టు, గాలికి ఎగిరే జుట్టు, వెనకాల సాయంత్రపు నీరెండ... డేటింగ్ ప్రొఫైల్‌లో ఇలాంటి 'బొహీమియన్' ఫొటో పెట్టుకోవాలని చాలామందికి సరదా. అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. కాస్త ఆలోచన, మరికాస్త నిజాయితీ ఉంటే చాలు!

'కుచ్చిళ్లు సర్దుకోమ్మా... గడ్డం కొంచెం కిందికి... ఆఁ, చిన్నగా నవ్వు...' క్లిక్!

ఒకప్పుడు పెళ్లీడుకొచ్చిన అమ్మాయి ఉన్న ఇంట్లో ఇదో పెద్ద తతంగం. పక్కింటి పిన్నిగారి నెక్లెసు, అక్క పట్టుచీర, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క స్టూడియో. వెనకాల తెరమీద జలపాతమో, తాజ్‌మహలో. పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ పూలు. వారం తర్వాత చేతికొచ్చిన ఫొటో వెనక పేరు, నక్షత్రం, ఎత్తు రాసి మధ్యవర్తికి ఇచ్చేవారు. అబ్బాయిల ఫొటోకీ ఇంతే హడావుడి. స్టూడియో గోడకి వేలాడే ఆ ఒక్క కోటూ ఎంతమందిని పెళ్లికొడుకుల్ని చేసిందో!

ఇప్పుడా స్టూడియో జేబులోకి వచ్చేసింది. 1995లో అమెరికాలో మ్యాచ్ డాట్ కామ్ మొదలైంది. 2012లో వచ్చిన టిండర్ పరిచయాన్ని వేలికొసకి తెచ్చేసింది. నచ్చితే కుడివైపు, నచ్చకపోతే ఎడమవైపు... అంతే! ఉద్యోగం ఏమిటో, అభిరుచులేమిటో చదివేలోపే చూపు ఫొటో మీద పడుతుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో కొలువులు చేస్తున్నవాళ్లూ, అమెరికాలో చదువుకుంటున్న పిల్లలూ ఈ దారిలో తోడు వెతుక్కుంటున్నారు. డేటింగ్ అనే మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్ల కనుబొమలు ముడిపడొచ్చు. కానీ కెమెరా ముందు నిలబడ్డప్పుడు గుండెల్లో రేగే ప్రశ్న మాత్రం అప్పటిదే... 'నేను నచ్చుతానా?'

ఆ భయంలోంచే వేషాలు పుట్టుకొస్తాయి. అప్పుడు అరువు నెక్లెసు, ఇప్పుడు అరువు గిటారు!

లోకం చుట్టి వచ్చిన ముస్తాబు

ఇంతకీ ఈ బొహీమియన్ అనే పేరు ఎక్కణ్నుంచి వచ్చింది? బొహీమియా ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఓ ప్రాంతం. ఊరూరా తిరిగే రోమా జాతివాళ్లు అక్కణ్నుంచే వచ్చారనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్లని బొహీమియన్లు అని పిలిచేవారు. 19వ శతాబ్దంలో పారిస్‌లోని చౌక అద్దెగదుల్లో రోజులు నెట్టుకొచ్చే చిత్రకారులకీ, కవులకీ కూడా అదే పేరు అంటుకుంది. వాళ్ల బతుకుల మీద ఆన్రీ మ్యుర్జే రాసిన కథలు 1851లో పుస్తకంగా వచ్చాయి. వాటి ఆధారంగా పుచ్చినీ స్వరపరిచిన 'లా బొహేమ్' సంగీత నాటకాన్ని 1896లో ఇటలీలోని ట్యూరిన్‌లో మొదటిసారి ప్రదర్శించారు. అందులో కవి చలికి తట్టుకోలేక తను రాసుకున్న కాగితాల్నే పొయ్యిలో వేసుకుంటాడు. అంటే, ఈనాటి ఫ్యాషన్ ఆనాటి లేమి అన్నమాట.

విచిత్రం ఏమిటంటే, రోమాల పూర్వీకులు భారతదేశపు వాయవ్య ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లేనని భాషాశాస్త్రం, జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. 1960లలో హిప్పీలు మన దేశానికి వచ్చారు. అద్దకం బట్టలు, అద్దాల కుట్టుపని, పూసలు మూటగట్టుకెళ్లారు. 2004, 2005 ప్రాంతాల్లో అవే లండన్‌లో 'బొహో' పేరుతో మళ్లీ విరగబూశాయి. మన బీరువాలోవే లోకం చుట్టి తిరిగొచ్చాయి!

కాబట్టి ఈ ఫొటోల కోసం విదేశీ బ్రాండ్లు వెతకనక్కర్లేదు. చెక్క అచ్చులతో అద్దిన పెడన కలంకారీ కుర్తా, పోచంపల్లి ఇక్కత్ దుపట్టా, అమ్మమ్మ నేతచీరతో కుట్టించుకున్న పొడవాటి గౌను... అబ్బాయిలకైతే నాన్నగారి పాత ఖద్దరు చొక్కా, తోలు చెప్పులు. మట్టిరంగు, ఆవపువ్వు పసుపు, నీలిమందు రంగు సాయంత్రపు ఎండలో చక్కగా కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి తగిలించుకోకుండా, ఒక్కటి కొట్టొచ్చినట్టు కనిపించేలా చూసుకుంటే సరి. పెద్ద పూసలదండ వేసుకున్న రోజు జుంకీలకి సెలవివ్వండి!

అద్దాల వెనక బతుకు

బొహో అనగానే చాలామందికి లంబాడా స్త్రీల అద్దాల దుస్తులు గుర్తొస్తాయి. గేరుగేరుగా తిరిగే పేటియా, వీపున తాళ్లతో కట్టుకునే కాంచళి, వాటినిండా అద్దాలు, గవ్వలు, నాణేలు... ఒక్కో కుట్టు వెనక ఎంతో శ్రమ ఉంటుంది. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

తండాలో అది ఫొటో ముస్తాబు కాదు, ఆ ఇంటి ఆడవాళ్ల గౌరవం. ఆ నగల్లో కొన్ని పెళ్లయిన స్త్రీలే ధరిస్తారు. సంగతి తెలియక వాటిని పెట్టుకుని 'నాకు తోడు కావాలి' అని ప్రొఫైల్‌లో నిలబడితే తండాలోని పెద్దమ్మలు నవ్వుకోరూ? ఆ ఇంటి ఆడపిల్లయితే నిండుగా, గర్వంగా కట్టుకోవచ్చు. ఇతరులైతే కుట్టిన వాళ్ల దగ్గరే కొన్న ఓ సంచో, నడుముపట్టీయో చాలు. అది ఏమిటో, ఎక్కడ కొన్నారో తెలిస్తే తొలి పరిచయంలో మాట్లాడుకోవడానికి ఓ మంచి కబురూ దొరుకుతుంది.

ముందు కాగితం మీద...

ఫొటోలంటే కెమెరాతో కాదు, కాగితంతో మొదలుపెట్టాలి. 'ఆదివారం పూట ఎవరూ చూడనప్పుడు నేనేం చేస్తాను?' అని రాసుకోండి. మొక్కలకి నీళ్లు పోస్తారా? పాత పాటలు వింటూ వంట చేస్తారా? పాత పుస్తకాల కోసం కోఠి పేవ్‌మెంట్లన్నీ గాలిస్తారా? మీ బొహీమియన్ ఫొటో అందులోనే ఉంది. వాయించడం రాని గిటారు పట్టుకుంటే, మొదటిసారి కలిసినప్పుడు అవతలివాళ్లు అడిగే మొదటి మాట 'ఏదీ, ఓ పాట వాయించండి!' అనే. పెళ్లిచూపుల్లో పాట పాడమన్నట్టే!

అయిదు ఫొటోలు చాలు. మొదటిది ముఖం స్పష్టంగా కనిపించేది. నల్లకళ్లద్దాలు, ముఖాన్ని కప్పేసే టోపీ వద్దు. రెండోది నిలువెత్తు ఫొటో, ఉన్న ఒళ్లు ఉన్నట్టుగా. మూడోది ఇష్టమైన పనిలో మునిగి ఉన్నప్పటిది. నాలుగోది స్నేహితులతో, వాళ్ల అనుమతి తీసుకున్నాకే. అందులో మీరెవరో ఇట్టే తెలియాలి. అయిదోది మీకు నచ్చిన చోట. బొహో ముస్తాబు రెండింటిలో ఉంటే చాలు. మిగతావాటిలో రోజూ వేసుకునే బట్టలే మేలు.

నీరెండను మించిన మేకప్ లేదు

పొద్దు పొడిచిన తర్వాత ఓ గంట, పొద్దుగుంకే ముందు ఓ గంట... ఆ వెలుగు ముఖం మీద మెత్తగా పడుతుంది. నడినెత్తి ఎండలో కళ్ల కింద నీడలు తేలతాయి. 2010లో ఓకేక్యూపిడ్ అనే డేటింగ్ సంస్థ తన సభ్యుల ఫొటోలను పరిశీలించింది. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోల్లో మనిషి ఏడేళ్లు పెద్దగా కనిపిస్తున్నట్టు లెక్క తేలింది. ఇంట్లో తీసుకోవాలంటే ఫ్లాష్ ఆపేసి, కిటికీకి ఎదురుగా నిలబడితే సరి.

సెల్ఫీతోనూ ఓ చిక్కుంది. ముఖానికి 12 అంగుళాల దూరంలో ఫోన్ పెట్టి తీస్తే ముక్కు అసలుకంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో వైద్యులు ప్రచురించిన ఓ అధ్యయనం చెప్పింది. అదే 5 అడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా దాదాపు ఉండదు. తన ముక్కు బాగాలేదని దిగులుపడే పిల్లలు ముందు ఫోన్‌ని నాలుగడుగులు వెనక్కి జరపాలి! తీసేవాళ్లు ఎవరంటారా? మీతో కబుర్లు చెబుతూ నవ్వించగలిగే తమ్ముడో, స్నేహితురాలో. అమ్మయితే మరీ మంచిది. బిడ్డ ఎప్పుడు మనసారా నవ్వుతుందో అమ్మకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఇక చోటు. మాదాపూర్ శిల్పారామంలో మట్టిగోడలు, చేతిపనుల అంగళ్లు ఉన్నాయి. విశాఖ వాళ్లకి భీమిలి తీరం ఉండనే ఉంది. గోల్కొండలాంటి కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సంతలో పూసలమ్ముకునే అవ్వని వెనకాల బొమ్మలా నిలబెట్టడం మాత్రం పద్ధతి కాదు. అడిగి, ఆమె సరేనంటేనే ఫొటో. అసలు ఇవేవీ లేకపోయినా ఇంటి డాబా, ఓ నులకమంచం, పక్కన మల్లెపాదు... ఇంతకంటే బొహీమియన్ ఏముంటుంది!

దిద్దుబాటు ఎంతవరకు?

జెఫ్రీ హాన్‌కాక్, కాటలీనా తోమా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో డేటింగ్ సైట్లు వాడే 54 మందిని పిలిచి, ప్రొఫైల్ ఫొటోలతో వాళ్లని పోల్చి చూపించారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం దాదాపు మూడింట ఒకవంతు ఫొటోలు అసలు మనిషికి సరిగ్గా సరిపోలేదని చూసినవాళ్లు చెప్పారు. చిత్రమేమిటంటే, ఫొటో పెట్టినవాళ్లలో ఎక్కువమంది మాత్రం తమది ఉన్నదున్నట్టే ఉందనుకున్నారు! అద్దంలో మనల్ని మనం కొంచెం ప్రేమగానే చూసుకుంటాం మరి.

ఇప్పుడు వేలితో నొక్కితే చాలు, రంగు తేలుతుంది, నడుము సన్నబడుతుంది. కృత్రిమ మేధతో వెళ్లని ఊళ్లో ఫొటో కూడా దిగొచ్చు. కానీ మనసుకి తగిలే దెబ్బ ఆ తర్వాత ఉంటుంది. హోటల్లో ఎదురుగా వచ్చి కూర్చున్న మనిషి కళ్లలో ఒక్క క్షణం కనిపించే ఆ 'ఓహో, ఇలా ఉంటారా...' అనే భావం. నలుపని, లావని, పొట్టని చిన్నప్పట్నుంచీ మాటలు పడ్డ పిల్లలకి ఆ చూపు మరీ గుచ్చుకుంటుంది. నిజమైన ఫొటో చూసి వద్దనుకున్నవాళ్లు ఎలాగూ మీకు కుదరరు. దాన్ని చూసి వచ్చినవాళ్లు మాత్రం మీకోసమే వచ్చినట్టు. మొటిమని చెరిపితే చెరపండి, పుట్టుమచ్చని ఉంచండి. వెలుగు సరిచేయండి, ఒంటిరంగు మార్చకండి. ఫొటో ఏడాదికి మించి పాతది కాకుండా చూసుకోండి.

ఇవి మరవకండి!

* ఫొటోలో ఇంటి నంబరు, బండి నంబరు ప్లేటు, ఆఫీసు ఐడీ కార్డు కనిపించకూడదు. రోజూ వెళ్లే వీధి మలుపు, హాస్టల్ బోర్డు కూడా అంతే.

* ఫొటో తీసేటప్పుడు ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి.

* ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పెట్టిన ఫొటోనే ఇక్కడా పెడితే, ఫొటో ఆధారంగా వెతికి మీ పేరు, ఊరు పట్టుకోవచ్చు. డేటింగ్ ప్రొఫైల్‌కి విడిగా తీసినవే వాడండి.

* అక్క పిల్లల ఫొటోలు, ఇతరుల పిల్లల ఫొటోలు అస్సలు వద్దు.

* అవతలివాళ్ల ఫొటో మరీ సినిమా పోస్టరులా ఉంటే ఓసారి వీడియో కాల్‌లో మాట్లాడండి. మొదటిసారి నలుగురూ తిరిగే చోటే కలవండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లోనో, స్నేహితులకో చెప్పి వెళ్లండి.

* ముఖం చూపించకుండా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయాలి.

* * *

అంతా అయ్యాక ఓ పని చేయండి. ఎంచుకున్న అయిదు ఫొటోలూ అమ్మకో, అన్నయ్యకో, చిన్ననాటి స్నేహితురాలికో చూపించండి. 'బాగున్నానా?' అని అడగొద్దు. 'ఇది నేనేనా?' అని అడగండి. వాళ్లు ఒక్క క్షణం తటపటాయించినా ఆ ఫొటో పక్కన పెట్టేయాల్సిందే.

అలా అడిగినప్పుడు అమ్మ బీరువా తెరిచి తన పాత ఫొటో బయటికి తీయొచ్చు. జలపాతం తెర, ప్లాస్టిక్ పూలు, స్టూలు మీద చెయ్యి... 'చీర మీ పెద్దమ్మది, నెక్లెసు పక్కింటి పిన్నిగారిది' అని మురిసిపోతూ చెప్పొచ్చు. నాన్నని అడిగి చూడండి. ఆ నెక్లెసు ఆయనకి గుర్తుండకపోవచ్చు. ఫొటోలో అమ్మ సొంతదంటూ ఉన్న ఆ ఒక్క నవ్వూ మాత్రం గుర్తుండే ఉంటుంది!