గజాల వీరులు, గురి మొనగాళ్లు

అందరికన్నా దూరం: 515 గజాలు! అంటే 471 మీటర్లు. క్రికెట్ పిచ్‌లు 23 వరసగా పరిచినా ఇంకా కొంచెం మిగులుతుంది. 1974 సెప్టెంబరు 25న లాస్ వేగాస్‌లో, అమెరికా జాతీయ సీనియర్ ఓపెన్ గోల్ఫ్ పోటీలో, మైక్ ఆస్టిన్ ఒక్క దెబ్బకు బంతిని అంత దూరం పంపాడు. అప్పటికి ఆయన వయసు 64! రంధ్రం ఉన్నదే 450 గజాల్లో. బంతి దాన్ని దాటి మరో 65 గజాలు పోయింది. వెనక నుంచి గాలి జోరుగా వీచిన మాట నిజమే. అయినా ఆయన చేతిలోని డ్రైవర్‌కు (దూరం కొట్టే పెద్ద క్లబ్బుకు) ఉన్నది కొయ్య తల, ఉక్కు కాడ.

డ్రైవర్ తలలను చివరిదాకా ఏలిన కొయ్య: పర్సిమన్. తెలంగాణ అడవుల్లో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టుకు ఇది దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. 1979లో గ్యారీ ఆడమ్స్ టేలర్‌మేడ్ పేరుతో స్టెయిన్‌లెస్ స్టీల్ తల తెచ్చాడు. కొయ్య వెంటనే ఓడిపోలేదు. 1997 మాస్టర్స్‌లో కూడా బెర్నార్డ్ లాంగర్ పర్సిమన్‌తోనే దిగాడు. ఆ పోటీలో కొయ్య డ్రైవర్ కనిపించడం అదే ఆఖరు.

అతి పెద్ద తల: 460 సీసీ. నిబంధన ఒప్పుకునే గరిష్ఠ పరిమాణం ఇదే. 1991లో కాలవే కంపెనీ 190 సీసీ తల చేసి, మొదటి ప్రపంచ యుద్ధంలోని జర్మన్ ఫిరంగి పేరు పెట్టింది: బిగ్ బెర్తా! ఆ ‘పెద్ద’ తలలు రెండు కలిపినా నేటి తలకు చాలవు. నేటి తల అర లీటరు పాల ప్యాకెట్ అంత ఉంటుంది, బరువు మాత్రం దాదాపు 200 గ్రాములే. లోపలంతా బోలు. టైటానియం, కార్బన్ ఫైబర్‌ల చలవ.

తేలిక ముఖం: 2022 నాటి టేలర్‌మేడ్ స్టెల్త్. బంతిని తాకే ముఖానికి లోహం వదిలేసి 60 పొరల కార్బన్ వాడారు. ముఖం బరువు 26 గ్రాములు. అది కొట్టే బంతి బరువేమో 45.93 గ్రాముల వరకు!

డిజైన్ల వరద: 2019 నాటి కాలవే ఎపిక్ ఫ్లాష్. ఒక్క ముఖం కోసం కృత్రిమ మేధతో 15,000 నమూనాలు వేయించి చూశారు.

ఎగదన్నడంలో హద్దు: 0.83. ముఖం స్ప్రింగులా కుంగి బంతిని తంతుంది. తల, బంతి ఒకదానికొకటి 100 వేగంతో తాకితే 83 వేగంతో విడిపోవచ్చు, అంతకు మించరాదు. ఈ నిష్పత్తినే ప్రత్యావస్థాన గుణకం అంటారు. మంచి డ్రైవర్లన్నీ ఏనాడో ఈ గీత దగ్గరికి చేరాయి. అందుకే ‘పాతదానికన్నా 20 గజాలు ఎక్కువ’ అనే ప్రకటనను నేను నమ్మను. బంతిని సరిగ్గా నడిమధ్యన కొట్టేవాడికి అన్ని గజాలు కొత్తగా ఎక్కడి నుంచి వస్తాయి?

స్థిరత్వంలో చక్రవర్తి: 10,000 దాటిన తల. ఈ రికార్డుల్లో నాకు గొప్పగా తోచింది ఇదే. బంతి మధ్యన కాక అంచున తగిలితే తల గిర్రున తిరుగుతుంది. వేగం పోతుంది, దారి తప్పుతుంది. ఆ తిరుగుడును ఆపేది జడత్వ భ్రామకం. బరువును వీలైనంత వెనక్కి, అంచులకు తోస్తే అది పెరుగుతుంది. అడ్డంగా తిరగడానికి సంబంధించి నిబంధన 5,900 గ్రాము చదరపు సెంటీమీటర్ల దగ్గర ఆగమంటుంది. కొలతలో తేడాకు మరో 100 వదిలింది. నిలువునా తిరగడానికి ఆ హద్దు లేదు. 2024 జనవరిలో పింగ్, టేలర్‌మేడ్ రెండూ ఈ రెండు కొలతల మొత్తాన్ని 10,000 దాటించాయి! దీనికీ మూల్యం ఉంది. బరువు వెనక్కి పోతే బంతికి స్పిన్ పెరిగి, బలంగా కొట్టేవాళ్లకు కొన్ని గజాలు తగ్గవచ్చు. వారాంతపు ఆటగాడు ఆ గజాలు వదులుకోవాలనే నేనంటాను.

పొడుగు కాడ: 47.9 అంగుళాలు. 2021 పీజీఏ చాంపియన్‌షిప్‌లో ఫిల్ మికెల్సన్ చేతిలోనిది. 50 ఏళ్లకు గెలిచి, మేజర్ టోర్నీల చరిత్రలో అతి పెద్ద వయసు విజేత అయ్యాడు. పెద్ద పోటీల్లో 46 అంగుళాలకు మించకూడదనే షరతు పెట్టుకునే వీలు 2022 జనవరి నుంచి వచ్చింది.

బుల్లి డ్రైవర్: 304 సీసీ. 2023 నాటి టేలర్‌మేడ్ బర్నర్ మినీ. తల చిన్నది, కాడ పొట్టిది. దూరం కాస్త తగ్గినా పర్వాలేదు, బంతి దారిలో ఉండాలనేవారికి.

ఏడాది సగటు దూరంలో దిగ్గజం: రోరీ మెకిల్‌రాయ్, పీజీఏ టూర్ పోటీల్లో 2023లో 326.3 గజాలు. 1980లో మొదటి స్థానం డాన్ పోల్‌ది, 274.3 గజాలు. 300 దాటిన మొదటి సగటు జాన్ డేలీది, 1997లో. అయితే దూరం పెరిగితే తప్పూ పెరుగుతుంది. గురి 4 డిగ్రీలు తప్పితే 200 గజాల దగ్గర బంతి 14 గజాలు పక్కకు పోతుంది, 300 దగ్గర 21 గజాలు!

గురి తప్పినా గెలిచిన మొండివాడు: బ్రైసన్ డిషాంబో. 2020 యూఎస్ ఓపెన్‌లో 56 ఫెయిర్‌వేలకు (గడ్డి కురచగా కోసిన దారులకు) 23 మాత్రమే అందుకున్నాడు, 41 శాతం. అయినా 6 స్ట్రోకుల తేడాతో కప్పు కొట్టాడు. పొడుగు గడ్డిలోంచి బంతిని పెరికి కొట్టే కండబలం ఉంటేనే ఈ దారి.

గురిలో తిరుగులేనివాడు: కాల్విన్ పీట్. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఎడమ మోచేయి విరిగింది. ఆ చేయి మళ్లీ పూర్తిగా చాపలేకపోయాడు. గోల్ఫ్ మొదలుపెట్టిందే 20 దాటాక. అయినా 1981 నుంచి 1990 వరకు వరసగా 10 ఏళ్లు, ఫెయిర్‌వే తప్పకుండా కొట్టడంలో పీజీఏ టూర్‌లో మొదటి స్థానం ఆయనదే. ఒక ఏడాదైతే ఆయన గురి 84 శాతానికి పైనే!